అతుకుల బొంతకు మూడు వేలా?

"అక్కా, మాది జడ్చర్ల దగ్గర ఊరు. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. బొంతలు కుట్టడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. లాక్‌డౌన్‌లో ఒకటి కుట్టి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఇద్దరు ముగ్గురు అడిగారు, అలా మొదలైంది. ఇప్పుడు నెలకు నాలుగు కుడుతున్నాను, ఒక్కోటి 1,200. అదీ ఎక్కువే అంటున్నారు. 'పాత చీరల బొంతకు అంతా? కొత్త దుప్పటి 500కే వస్తుంది' అని. చుట్టాలైతే ఊరికే కుట్టివ్వమంటారు. మా ఆయన 'దీనికంటే కూలికి పోయినా నయం' అంటాడు. హైదరాబాద్ షాపు వాళ్లు దసరాకల్లా 50 బొంతలు కావాలి, ఒక్కోటి 900కు ఇస్తావా అని అడుగుతున్నారు. దసరా ఇంకా రెండున్నర నెలలుంది. ఒప్పుకోనా? లోను తీసుకొని మెషీన్ కొననా? ఇంకో మాట. మా అమ్మ పోయి మూడేళ్లైంది. ఆమె కుట్టిన బొంతను స్టేటస్‌లో చూసి ఒకామె 5,000 ఇస్తానంటోంది. ఇచ్చెయ్యనా? అసలు నేను చేసేది కళనా, ఉత్త పనేనా, ఏమీ అర్థం కావట్లేదు."

చెల్లే, నువ్వు అక్కా అన్నావు కాబట్టి నేనూ ఇట్లాగే రాస్తున్నా, 'మీరు', 'గారు' పెడితే ఈ మాటలు నాకు సాగవు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ధర ఉంది, షాపు ఉంది, చుట్టాలున్నారు, మీ ఆయన ఉన్నాడు. ఒక్క బొంతకు ఎన్ని గంటలు పడుతుందో మాత్రం ఎక్కడా లేదు. బహుశా నీకూ తెలియదు. నాకూ చాలా ఏళ్లు తెలియలేదు. అన్నం దించి కాసేపు, పిల్లల్ని బడికి పంపి కాసేపు, రాత్రి సీరియల్ చూస్తూ కాసేపు కుట్టేదాన్ని గంటల్లో కొలవాలని మనకెవరూ చెప్పలేదు కదా. అది 'ఖాళీగా ఉన్నప్పుడు చేసేది'. ఖాళీకి కూలేముంటుంది?

సరే, మనమే కొలుద్దాం. ఆరు గజాల చీర విప్పితే 18 అడుగులు. మూడు మడతలేస్తే ఆరడుగులు, వెడల్పేమో నాలుగడుగులకు కాస్త తక్కువ. మన బొంతలన్నీ ఇంచుమించు ఆ కొలతలోనే ఉంటాయి, ఎప్పుడైనా గమనించావా? ఎవరూ గీసివ్వలేదు, చీరే చెప్పింది. అంచు పట్టీ కలుపుకొని 6 అడుగులు, 4 అడుగులు వేసుకో. నువ్వు పంపిన ఫొటోలో వరుసకూ వరుసకూ మధ్య వేలెడు ఎడం ఉంది, ముప్పావు అంగుళం అనుకుందాం. 48 అంగుళాల వెడల్పులో 64 వరుసలు పడతాయి. ఒక్కో వరుస 6 అడుగులు, మొత్తం 384 అడుగుల కుట్టు. (అంచు నుంచి లోపలికి చుట్టూ తిప్పుకుంటూ కుట్టినా పొడవు ఇంచుమించు అంతే.) ఐదారు పొరల్లోంచి సూది దించి లాగుతూ గంటకు పదడుగులు నడిచిందంటే అది మంచి చెయ్యే. అంటే 38 గంటలు. చీరలు నానబెట్టి, ఉతికి, ఆరేసి, చివికిన చోట్లు వెలుతురుకు పట్టి చూసి కత్తిరించి, అతుకులేసి, పొరలు జరగకుండా కచ్చా కుట్లు వేసి, చివరికి అంచు కట్టేదానికి ఇంకో ఎనిమిది. మొత్తం 46 గంటలు.

ఇప్పుడు నీ 1,200లోంచి దారం, సూదులు, పాత చీరలకు పెట్టింది, సబ్బు, పైన వేసే కొత్త గుడ్డ ముక్క, అన్నీ కలిపి 200 తీసేయ్. మిగిలింది వెయ్యి. 46 గంటలకు వెయ్యి. గంటకు 22 రూపాయలు కూడా పడలేదు. ఎనిమిది గంటల రోజుకు 175 దాటదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. కాబట్టి చెల్లే, చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది, మీ ఆయన మాట కటువుగా ఉండొచ్చు గానీ లెక్క తప్పు లేదు. కాకపోతే ఆ లెక్క చూసి ఆయన 'మానెయ్' అంటున్నాడు, నేను 'ధర పెంచు' అంటున్నాను.

నా లెక్క నమ్మకు. రేపు మొదలుపెట్టే బొంతకు ఒక నోటు పుస్తకం పెట్టుకో, కూర్చున్న టైము, లేచిన టైము రాయి. పావుగంట కూర్చున్నా రాయి. నాది తప్పైతే నీ అంకెతో మళ్లీ లెక్కెయ్యి. ఆ పుస్తకాన్ని మీ ఆయన కంటపడే చోటే పెట్టు, వాదన అక్కర్లేదు.

షాపు సంగతి ఈ లెక్కతోనే తేలిపోతుంది. నెలకు నాలుగు చొప్పున 50 బొంతలంటే పన్నెండున్నర నెలలు. వాళ్లు అడిగింది రెండున్నర నెలల్లో. పగలూ రాత్రీ కుట్టినా కాదు, ఊళ్లో నలుగురిని కూర్చోబెట్టి కుట్టించాలి, వాళ్లకు కూలివ్వాలి. 900లో 200 ఖర్చు పోతే 700, గంటకు 15 రూపాయలు. ఆ పదిహేనులోంచి ఇంకొకరికి ఏమిస్తావు, నువ్వేం తింటావు? అదే బొంతను వాళ్లు 'చేతి కుట్టు, సంప్రదాయం' అని చీటీ తగిలించి మూడు నాలుగు వేలకు అమ్ముతారు. అమ్ముకోనీ, షాపు అద్దె వాళ్లకూ ఉంటుంది, అది తప్పని నేననను. నీ 46 గంటల్ని వాళ్ల లాభంలోకి కలుపుకోవడం మాత్రం తప్పు.

'అమ్ముడైతేనే డబ్బులు' అనే మాట వాళ్లు అన్నారో లేదో నువ్వు రాయలేదు. అంటే జాగ్రత్త. నేను నల్లగొండలో ఏడేళ్లు చేతిసంచులు కుట్టి అమ్మాను. నారాయణపేట గళ్ల గుడ్డతో, చీర అంచునే పట్టీగా పెట్టి. ఒకసారి హైదరాబాద్‌లో ఒక షాపుకు 60 సంచులు అలా ఇచ్చాను, కాగితం లేదు, రసీదు లేదు, ఆమె నవ్వు ఒక్కటే ఉంది. ఎనిమిది నెలల్లో పదకొండుసార్లు బస్సెక్కాను. చివరికి 23 సంచులు తిరిగొచ్చాయి, అద్దాల కిటికీలో పెట్టినందుకు మడత బయట రంగు వెలిసి, లోపల అసలు రంగు ఉండి, ఒక్కో సంచి రెండు సంచుల్లాగా. మిగతా వాటిలో సగానికే డబ్బులు ఇచ్చారు. ఆ వెలిసిన సంచుల్లో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉల్లిగడ్డలకు పనికొస్తోంది. అందుకే చెబుతున్నా, ఏ షాపైనా సరే, సగం డబ్బులు ముందు, మిగతా సగం సరుకు అందిన రోజు. కుదరదంటే నమస్తే.

ఇక ధర. గంటకు కనీసం 50 వేసుకో, అది ఎక్కువేం కాదు. 46 గంటలకు 2,300, ఖర్చు 200, ఫోను, ప్యాకింగు, ఎప్పుడో ఒకటి చెడిపోతే దాని నష్టం, అన్నింటికీ ఇంకో 500. మూడు వేలు.

చదువుతూ నువ్వే అంటున్నావు కదా, "మూడు వేలా? 1,200కే మొహం చిట్లిస్తుంటే?" అని. చిట్లించేది ఎవరో చూడు. మీ వాడకట్టులో వాళ్లు. వాళ్ల ఇంట్లో అటక మీద మూడు బొంతలుంటాయి, వాళ్ల అత్త కుట్టినవి. వాళ్లకు నీ బొంత అవసరం లేదు, అందుకే దుప్పటి ధర గుర్తొస్తుంది. దుప్పటి కావాల్సినామెను దుప్పటే కొనుక్కోమను, కోపం లేకుండా. ఆమె మాట విని ధర తగ్గించావనుకో, ఆమె అప్పుడూ కొనదు, కొనేవాళ్ల దగ్గర మాత్రం నీకు గిట్టదు.

మనకు అసలు చిక్కెక్కడంటే, బొంత అనే మాటనే మనం తిట్టుగా వాడుతున్నాం. పేపర్లో సంకీర్ణ ప్రభుత్వం గురించి రాస్తే 'అతుకుల బొంత', ఎవరి పుస్తకమో పొసగకపోతే 'అతుకుల బొంత'. రాసేవాళ్లెవరూ బొంతను తిరగేసి చూసినట్టు లేదు. ఒంటి మీద ఉండి ఉండి మెత్తబడ్డ నూలు, ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ చివికిందో వేలితో తడిమి ఎంచి, చివికింది లోపలికి, గట్టిది పైకి, పసుపు పక్కన ఎరుపు పడితే కన్ను ఎక్కడ ఆగుతుందో చూసుకొని వేసిన అతుకులవి. ప్రభుత్వాలు అంత బాగా అతికితే ఇంకేం కావాలి! మనకు సరిహద్దు అవతల కర్ణాటకలో దీన్నే కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి, బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని. కాంథా కుట్టు చీరను వేలు పోసి కొనేవాళ్లు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. అదీ పాత చీరల పొరల మీద తిన్నటి కుట్టుతోనే మొదలైంది.

కళనా పనా అని అడిగావు. పుట్టపాక నీకు తెలిసే ఉంటుంది, మా పాత నల్లగొండ జిల్లాలోని సంస్థాన్ నారాయణపురం మండలం. అక్కడి తేలియా రుమాలు ఒకప్పుడు తలకు చుట్టుకొని, భుజాన వేసుకొని తిరిగిన గుడ్డ. చీరాల వైపు నుంచి వచ్చిన విద్య. నూలును నూనెలోనూ బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, ఎరుపు నలుపు వేస్తారు, నూనె వాసన ఉండబట్టే ఆ పేరు. పనివాళ్లు చెమట తుడుచుకున్న గుడ్డ అది. అదే పనికి గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీలు వచ్చాయి, 2020లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా చోటి సరుకు అనే అధికారిక ముద్ర, వచ్చింది. గుడ్డ మారలేదు, చూసే కన్ను మారింది. అలా మారడానికి అక్కడివాళ్లు ఎంత తిరిగారో, ఎన్ని ఎగ్జిబిషన్ల నేల మీద పడుకున్నారో అది వేరే సంగతి, ఊరికే ఎవరూ వచ్చి దండ వెయ్యలేదు.

ఇంకా దగ్గరి మాట చెప్పనా. కురుమూర్తి జాతరకు నువ్వు పోకుండా ఉండవు. స్వామికి ఉద్దాలు, అంటే ఆయన పాదుకలు, ఎక్కడివి? వడ్డెమాన్‌లో కుట్టినవి. చెప్పులు కుట్టే ఇళ్లలో తయారైన ఉద్దాలను ఊరంతా మొక్కి, ఊరేగింపుగా గుట్టకు తీసుకుపోతారు. ఆ రోజు ఎవరైనా 'ఇది కళనా, పనా' అని అడిగారా? నాకు ఒక్కటే గుచ్చుకుంటుంది, ఉద్దాలకు మొక్కినవాళ్లే జాతర అయిపోయాక చెప్పు తెగితే కుట్టే మనిషితో పది రూపాయల దగ్గర బేరమాడతారు. నేనూ ఆడాను ఒకప్పుడు. సంచులు కుట్టడం మొదలుపెట్టాక మానేశాను.

కాబట్టి కళ అన్న బిరుదు కోసం చూడకు. గోడకు తగిలించుకునేలా ఫ్రేము కట్టించి ఇవ్వమని ఎవరైనా అడిగితే డబ్బులు తీసుకొని కట్టించు, నష్టం లేదు. కానీ నీ సరుకు కింద పరుచుకునేది, కప్పుకునేది, పిల్లలు తడిపితే ఉతికి ఎండకు వేసేది. అది ముప్పై ఉతుకులకు నిలవాలి. నిలుస్తుందని చెప్పు, కొనేవాళ్లకు అదే కావాలి.

మూడు వేల బొంతలు నెలకు నాలుగు అమ్ముడవుతాయని నేను మాటివ్వలేను. మొదట్లో ఒకటో రెండో పోతాయి. అందుకే చిన్నవి కుట్టు. పసిపిల్లల బొంత 3 అడుగులు, రెండున్నర అడుగులు. అదే ఎడంలో 40 వరుసలు, 120 అడుగుల కుట్టు, పన్నెండు గంటలు, పై పనికి ఇంకో రెండు. పద్నాలుగు గంటలకు 700, ఖర్చూ చిల్లరా కలిపి 900. చూశావా, షాపు వాళ్లు అడిగిన 900కు నీ దగ్గర బొంత ఉంది, కాకపోతే అది పసిబిడ్డ పడుకునేంత. ఆ మాటే వాళ్లకు చెప్పు. దసరాకు పది ఇవ్వగలను, సగం అడ్వాన్స్ అను. వాళ్లు నవ్వితే నువ్వూ నవ్వి ఫోను పెట్టెయ్. పురుడు పోసుకున్న ఇంటికి ఏం తీసుకుపోవాలో తెలియక ప్లాస్టిక్ బొమ్మలు కొనేవాళ్లు ఎంతమంది లేరు, వాళ్లకు మెత్తటి నూలు బొంత 900 అంటే ఎక్కువ అనిపించదు.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది మాత్రం ఇంకోదాని మీద. వాళ్ల చీరలతోనే వాళ్లకు బొంత. అమ్మ పోయాక బీరువాలో చీరలు ఉంటాయి, కట్టుకోలేరు, ఎవరికీ ఇవ్వలేరు, పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమెకు వెయ్యడానికి అసలు చేతులు రావు. అలాంటివాళ్లకు "రెండు చీరలు పంపండి, బొంత కుట్టి ఇస్తాను" అని చెప్పు. అక్కడ దుప్పటి ధర ఎవరూ ఎత్తరు. కూలి మూడు వేలు గట్టిగా అడుగు, ఎందుకంటే ఈ పనిలో భయం కూడా కలిసి ఉంది, కత్తెర ఒకసారి పడితే ఆ చీర మళ్లీ రాదు.

అందుకే కొన్ని జాగ్రత్తలు. చీరలు రాగానే విప్పి ఫొటోలు తీసి పంపు, చిరుగులూ మరకలూ వాళ్లకూ కనపడాలి. కలరా ఉండల వాసన ఉంటుంది, నీడన రెండు రోజులు ఆరెయ్యి. తెల్ల గుడ్డ తడిపి చీర మీద మూలన అదిమి రుద్ది చూడు, ఎర్రవీ ముదురు నీలాలూ తప్పకుండా. రంగు అంటితే ఆ చీరను విడిగా మూడు నాలుగుసార్లు ఉతికి మళ్లీ చూడు. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని అందరూ అంటారు, దాన్ని నమ్ముకొని ఎర్ర చీర పక్కన తెల్ల చీర కుట్టొద్దు. నేను ఒకసారి నమ్మి, తెల్ల గుడ్డ మీద గులాబీ మచ్చలు తెచ్చుకున్నాను. గద్వాల చీర వస్తే ఇంకా జాగ్రత్త. ఒళ్లు నూలు, అంచు పట్టు, రెండింటినీ ఒకే తీరుగా ఉతకలేం. నూలు ఒళ్లు బొంతకు వాడి, పట్టు అంచు తీసి దిండు గలీబుకో చిన్న సంచికో పెట్టి తిరిగివ్వు. ఆ చిన్న సంచి చూసి ఏడ్చేవాళ్లుంటారు, నీకు ఇంకో ఆర్డరు తెచ్చేదీ అదే. జార్జెట్, షిఫాన్ వస్తే పై పొరలో చిన్న అతుకులుగా మాత్రమే. మొత్తం వాటితోనే కావాలంటే కాదని చెప్పు, జారి జారి కుట్టు నిలవదు, పేరు పోయేది నీది.

మెషీన్ గురించి. చేతి పని అని చెప్పుకుంటూ మెషీన్ వాడితే మోసమా అని నీ భయం అనుకుంటా. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు చేసింది గుర్తు తెచ్చుకో. వాళ్లమ్మ ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి పేర్చడానికి, చెయ్యిని తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిప్పేది, భుజం పడిపోయేది. ఆయన ఆసు యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మెషీన్ ఆసు పోసింది, నేత మగ్గం మీద చేతనే ఉంది. చీర చేనేత కాకుండా పోలేదు. నువ్వూ అంతే, అతుకులు కలపడానికీ అంచుకూ మెషీన్ పెట్టుకో, నీకు నాలుగైదు గంటలు కలిసొస్తాయి. పైన నడిచే కుట్టు మాత్రం చేత్తోనే. కొనేవాళ్లకు దాచకుండా అలాగే చెప్పు. మొత్తం మెషీన్ మీద కుడితే అది గట్టిగా అట్టలా వస్తుంది, ఆ మెత్తదనం రాదు, దానికి మూడు వేలు నేనూ పెట్టను.

దీనికి లోను ఎందుకు? ఊళ్లో పాత మెషీన్ మంచిది దొరుకుతుంది, లేదా మీ మహిళా సంఘంలోనే అడుగు. పీఎం విశ్వకర్మ అని 2023 సెప్టెంబరులో మొదలైన పథకం ఉంది, 18 రకాల పనివాళ్లకు. అందులో దర్జీ పని ఉంది, బొంతలని విడిగా లేదు. పనిముట్లకు 15,000, మొదటి విడత లక్ష వరకు లోను 5 శాతం వడ్డీకి. వస్తే పనిముట్ల సాయం తీసుకో, లక్ష లోను మాత్రం ఇప్పుడే వద్దు. నీకు తక్కువైంది డబ్బు కాదు, గిరాకీ. లోను తెచ్చి గుడ్డ కొని పెట్టుకుంటే ఎలుకలకు పండగ. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరైనా రెండు వేలు ఫీజంటే ఇవ్వకు. జీఎస్టీ టెన్షన్ నీకిప్పుడు లేదు, మన రాష్ట్రంలో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే కదా, దాటిన రోజు నాకు స్వీట్లు పంపు. బయటి రాష్ట్రాలకు పంపడానికీ, పెద్ద పెద్ద ఆన్‌లైన్ సైట్లలో పెట్టడానికీ నియమాలు వేరేగా ఉంటాయి, ఆ దశ వచ్చినప్పుడు ఒక అకౌంటెంట్‌ను అడిగి అడుగు వెయ్.

స్టేటస్‌లో ఫొటోలు మార్చాలి, చెల్లే. నువ్వు బొంతను ట్యూబులైటు కింద బండల మీద పరిచి పైనుంచి తీశావు, వెనక గ్యాస్ సిలిండరు. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు మంచం మీద వేసి తియ్యి, అప్పుడు కుట్టు కుట్టుకూ నీడ పడి ఆ గుంతలూ మిట్టలూ కనపడతాయి. ఒక ఫొటో తప్పకుండా వెనక వైపుది. చేతి కుట్టు తెలిసినవాళ్లు ముందు చూసేది వెనకనే. ధర ఫొటో కిందే రాయి, 'ధర కోసం మెసేజ్ చేయండి' అనకు, సగం మంది మొహమాటంతో అడగరు, మిగతా సగం బేరానికే వస్తారు. బొంత మూలన చిన్న గుడ్డ చీటీ కుట్టు: ఎన్ని చీరలు, ఎన్ని గంటలు, ఏ ఊరు. '46 గంటలు' అని దారంతో కుట్టి ఉంటే అది చదివాక బేరమాడటానికి కొంచెం గుండె కావాలి.

చుట్టాల విషయం నీకు తెలిసినంత నాకు తెలియదు. నేనైతే ఒక గీత గీసుకున్నాను, తోడబుట్టినవాళ్ల పిల్లలకు పుట్టినప్పుడు ఒకటి ఊరికే, మనస్ఫూర్తిగా. మిగతా ఎవరైనా సరే చీరలు తెచ్చుకోవాలి, కూలివ్వాలి. మొదటిసారి చెప్పినప్పుడు మా చిన్నమ్మ ఆరు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఆమే నాలుగు సంచులు కొనుక్కుపోయింది, అదీ బేరమాడి.

రాత్రిళ్లు చిన్న బల్బు కింద కుట్టొద్దు, కళ్లు పోతాయి. మధ్యవేలికి తొడుక్కునే లోహపు టోపీ కుట్టుసామాను షాపుల్లో దొరుకుతుంది, కొనుక్కో.

ఇక మీ అమ్మ బొంత. దాన్ని అమ్మొద్దు. ఇది సెంటిమెంటుగా చెప్పట్లేదు, సెంటిమెంటు నీ దగ్గర ఉండనే ఉంది. నీ దగ్గర ఉన్న ఒకే ఒక్క నమూనా అది. ఈ రోజు దాన్ని దించి తిరగెయ్. అంగుళానికి ఎన్ని కుట్లో లెక్కపెట్టు, వరుసల ఎడం కొలువు, మూలల్లో ఎలా తిప్పిందో చూడు. మూల దగ్గర గుడ్డ ముడత పడకుండా ఆమె ఏదో చేసి ఉంటుంది, నీ ఫొటోలో నీ మూలలు కొంచెం లేస్తున్నాయి, నువ్వది ఇంకా పట్టుకోలేదు. అన్నీ ఆ నోటు పుస్తకంలోనే రాసి, ఫొటోలు తీసి, మళ్లీ మడతపెట్టి లోపల పెట్టు. ఇంకోటి చూశావా, నువ్వు 1,200 కూడా ఎక్కువేమో అని భయపడుతున్న సరుకుకు, పాతదానికి, వాడిందానికి, ఒకామె అడక్కుండానే 5,000 అంది. ఆమెకు ఫోన్ చేసి చెప్పు: "మేడం, అది అమ్మేది కాదు. అదే కొలతలో, అంత దగ్గర కుట్టుతో ఇంకోటి కుట్టి ఇస్తాను. ఐదు వేలు, రెండున్నర వేలు ముందు, రెండు నెలల టైము."